మల్లయ్య తోమిన ముఖం

గ్రీకుల పాత నాణేలు చూడాలంటే జనం ఏథెన్సుకో లండనుకో వెళ్తారు. నేను చీరాలలో రైలెక్కి చర్లపల్లిలో దిగాను. నాచారంలో రెండు రోజులు, ఉప్పల్లో ఒక రోజు ఉండి వచ్చాను. వచ్చి పదిరోజులవుతున్నా బొటనవేలి గోరు కంటపడితే చాలు, అంత జాగాలో మనుషులు ఏమేం చెక్కారో గుర్తొచ్చి చేతిలో పని ఆగిపోతోంది.

ఎందుకు వెళ్లానో ముందే చెప్పాలి. ఇరవయ్యేళ్ల కిందట ఒక చిన్న మాసపత్రికలో ‘ఉప్పల్లో సీసపు దేవుడు’ అని ఒక వ్యాసం రాశాను. ఉప్పల్లో మల్లయ్య అనే ఆయన ఇంట్లో ఒక నాణెం ఉందనీ, దాని మీద నరసింహస్వామి వెలిశాడనీ, స్వామి జయంతి నాడు వీధంతా వచ్చి దండం పెట్టుకుంటోందనీ ఒక సభలో ఎవరో చెప్పారు. తన తాత గుర్రాల సాయీసుగా అరబ్బుల దేశం పోయి ఆ నాణెం తెచ్చాడని మల్లయ్య చెప్పుకుంటాడట. నాకు ఒళ్లు మండింది. ఏ బజారులోనో సీసం కరిగించి పోసిన బిళ్లకు అరబ్బు కథ అతికించి అమాయకులను మోసగిస్తున్నాడని రాశాను. అబద్ధాలకోరు అన్నాను. చదివినవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను ఆ నాణెం చూడలేదు. ఉప్పల్ వెళ్లలేదు. మల్లయ్యకు ఒక కార్డు ముక్క రాసి అడిగిన పాపాన పోలేదు.

ఈ మధ్య నాచారం నుంచి ఉత్తరం వచ్చింది. రాసినది ప్రకాశరావు గారు. పుట్టింది రాజోలు దగ్గర, బతుకంతా అక్కడి ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఇంజనీరుగా గడిపారు, రిటైరయ్యాక గ్రీకు నాణేల పిచ్చిలో పడ్డారు. మల్లయ్య పోయి నాలుగేళ్లయిందని రాశారు. మల్లయ్య కోడలు స్వరూప ఫోనులో నాణెం ఫొటో చూపించిందట. ఆయన చూపుకు అది సీసంలా లేదు. అసలు నాణెం మాత్రం మల్లయ్య భార్య యాదమ్మ ఇల్లు దాటనివ్వదు. ఆమె కోరేది ఒక్కటే: నేను వెళ్లి చూడాలి, చూశాక తన భర్త అబద్ధమాడాడో లేదో నా చేత్తోనే రాయాలి.

ఇలాంటి ఉత్తరం వచ్చాక ఇంట్లో కూర్చునే హక్కు హేతువాదికి లేదు.

చర్లపల్లి

కొత్త స్టేషను. మా వైపు బండ్లు ఇప్పుడు సికింద్రాబాదు దాకా పోకుండా కొన్ని ఇక్కడే ఆగిపోతున్నాయి. తళతళలాడే నేల, ఎత్తయిన కప్పు, బయటికి రాగానే దుమ్ము. ఆటో అతను మూడువందలు అడిగి రెండువందల యాభైకి దిగాడు. ఏం పని మీద వచ్చారని అడిగితే నాణేలు చూడ్డానికన్నాను. అద్దంలో నన్ను ఎగాదిగా చూశాడు.

“నాణేలు సూసెతందుకు నాచారం వచ్చిన్రా? ఈడ ఫ్యాక్టరీలు దప్ప ఏముంటయి మేడం. సార్మినార్ దిక్కు పోవాలె గదా.”

అతని పేరు అడగలేదు. ముగ్గురు ఆడపిల్లలట, పెద్దమ్మాయి బోడుప్పల్లో డిప్లొమా చదువుతోందట. మల్లాపూర్ దాటాక మందుల ఘాటు, ఇంకాస్త ముందుకు పోతే ఎక్కడో మసాలా వేయిస్తున్న వాసన. చీరాలలో కళ్లు మూసుకున్నా ఉప్పుగాలిని బట్టి సముద్రం ఏ వైపుందో చెప్పగలను. ఇక్కడివాళ్లు వాసనను బట్టి ఏ ఫ్యాక్టరీ దాటుతున్నారో చెబుతారు. ఆటో అతను అలాగే చెబుతూ నన్ను దించి వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగాక తెలిసింది, నా కళ్లజోడు అతని సీటు మీదే ఉండిపోయిందని.

చూడకుండా రాసినదాన్ని చూడటానికి వచ్చి, మొదటి గంటలోనే కళ్లజోడు పోగొట్టుకున్నాను. నా మీద నాకే నవ్వొచ్చింది.

నాచారం, మొదటి సాయంత్రం

ప్రకాశరావు గారి ఫ్లాటు రెండో అంతస్తు. డెబ్భై నాలుగేళ్ల మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒక చిన్న స్క్రూడ్రైవరు. కళ్లజోడు సంగతి చెబితే విచారం చూపించలేదు. సొరుగులోంచి వాచీలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే లాంటి భూతద్దం తీసి నా చేతిలో పెట్టారు.

“మీ కళ్లజోడున్నా ఇదే ఇచ్చేవాణ్ణండీ. వీటిని ఉత్త కంటితో చూస్తే చూసినట్టు కాదు” అన్నారు.

పడకగదిలో మంచం పక్కన మందుల డబ్బాలుండాల్సిన బీరువాలో సొరుగులు. సొరుగుల్లో మఖ్‌మల్ గుడ్డ మీద తెల్లటి బిళ్లలు. అవి అసలు నాణేలు కావు, ప్లాస్టరు నకళ్లు. అరుదైన గ్రీకు నాణెం కొనే తాహతు పింఛనుదారుకు ఎక్కడిది? ఆయన దేశదేశాల సేకర్తలకూ మ్యూజియాలకూ ఉత్తరాలు రాసి, నాణేల నకళ్లు తెప్పించుకున్నారు. అరవైకి పైనే ఉన్నాయి. గీత గీతకూ అసలుతో పోలిక ఉంటుంది, లోహం ఒక్కటే లేదు.

మొదటిది క్రీట్ దీవిలోని ఫైస్టోస్ పట్టణానిది. భూతద్దం పెట్టాను. రెక్కలున్న మనిషి, చేతిలో రాయి ఎత్తి పట్టుకుని విసరబోతున్నాడు. పేరు టాలోస్. ఒళ్లంతా కంచు. రోజుకు మూడుసార్లు దీవి చుట్టూ తిరిగి, పరాయి ఓడలొస్తే బండలు విసిరేవాడని కథ.

“రోజుకు మూడు రౌండ్లండీ. మా అపార్టుమెంటు వాచ్‌మన్ ఒక్కటీ వెయ్యడు” అన్నారు ప్రకాశరావు గారు.

నేను నవ్వాను గాని చూపు తీయలేకపోయాను. ఆ మనిషి తొడలో కండ బిగిసి ఉంది. అద్దంలేని కంటికి అది ఒక గీత కూడా కాదు, ఒక నలుసు. ఆ నలుసును చెక్కినవాడికి భూతద్దం ఉందో లేదో కూడా మనకు తెలియదట. పైగా వాడు చెక్కింది తలకిందుల వ్యవహారం. గట్టి లోహపు దిమ్మలో బొమ్మను లోతుగా, కుడి ఎడమలు మార్చి చెక్కాలి. అలాంటి దిమ్మలు రెండు. మధ్యలో కాల్చిన వెండి బిళ్ల పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ. ఆ దెబ్బతో ఒక దేవుడు పుడతాడు.

తర్వాతది అదే దీవిలోని గోర్టిస్ పట్టణానిది. చెట్టు కొమ్మల మధ్య ఒక అమ్మాయి కూర్చుని ఉంది. తల చేతి మీద వాల్చింది. దేవుళ్ల రాజు జ్యూస్ ఎద్దు రూపంలో వచ్చి ఎత్తుకుపోయిన యూరోపా ఆమె. నాలుగు దశాబ్దాలుగా వేదికల మీద దేవుళ్ల ఆగడాలు లెక్కచెప్పిన దాన్ని నేను. ఆడపిల్లను ఎత్తుకెళ్లిన దేవుడి కథ మరొకటి దొరికిందని ముందు నాలోని వక్త లేచింది. కాని ఆ శిల్పి దేవుణ్ణి పొగడలేదు. దేవుడున్న వైపు కాదు, పిల్ల ఉన్న వైపు చూశాడు. గోరంత జాగాలో దిగులు చెక్కాడు. ఆ ఊళ్లో ఆ నాణెంతో ఉల్లిపాయలు కొన్నవాళ్లు రోజూ ఆ దిగులును గుప్పిట్లో పట్టుకుని తిరిగారు.

దేవుళ్లు లేరని చెప్పడానికి నాకు అరగంట చాలు. ఆ దేవుళ్లను ఊహించిన మనిషి చేతికి నమస్కరించడం ఆ సాయంత్రం దాకా నాకు తెలియలేదు.

నాచారం, రెండో రోజు

పొద్దున బండి దగ్గర ఇడ్లీ, నలభై రూపాయలు. పల్లీల చట్నీ పారిస్తున్నారు. మా వైపు అల్లం చట్నీ కోసం నాలుక వెతుక్కుంది. అడిగితే బండి ఆయన, అల్లం చాయ్‌లో ఉంటుంది, తాగండి అంటూ ఒక కప్పు చేతికిచ్చాడు. పదిహేను రూపాయలు. నిజంగానే ఉంది.

రెండో రోజంతా సొరుగుల ముందే గడిచింది. ఇటలీ మడమ దగ్గరి తరాస్ పట్టణపు నాణెం మీద డాల్ఫిన్ వీపున కూర్చున్న కుర్రాడు, సముద్రంలో మునిగిపోబోతే చేప మోసుకొచ్చి ఒడ్డున దించిందట. క్నోసోస్ నాణెం మీద ఒక పక్క ఎద్దు తల మనిషి మోకాలు వంచి పరుగెడుతున్నాడు, రెండో పక్క వాణ్ణి బంధించిన చిక్కుదారుల కోట. నాణెం తిప్పితే ఖైదీ జైలయిపోతాడు. తీబ్స్ నాణెం మీద పసివాడు కూర్చుని రెండు చేతుల్తో రెండు పాముల గొంతులు పట్టుకున్నాడు. వాడు హెరాక్లీస్. ఉయ్యాలలో ఉండగానే తనను చంపడానికి వచ్చిన పాములను వాడే చంపాడు.

“మన కృష్ణుడి కథలో విషం ఇచ్చే పూతన వస్తుంది, వీళ్ల కథలో పాము వచ్చింది” అన్నారు ప్రకాశరావు గారు. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారో అని నేను వాదన మొదలుపెట్టబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. “పసిపిల్లలు చచ్చిపోవడం రెండు చోట్లా ఉండేది కదండీ. చావని పిల్లాడు ఒకడుంటే బాగుణ్ణని రెండు చోట్లా అనుకుని ఉంటారు.”

ఇంతటి సూటి మాట నా ఉపన్యాసాల్లో ఏనాడూ రాలేదు.

సాయంత్రం ఆయన ఆఖరి సొరుగు తీశారు. అందులో నకలు ఒక్కటే. అలెగ్జాండర్ పేరు మీద కొట్టిన పెద్ద వెండి నాణెం. ఒక వైపు పెద్దవాడైన అదే హెరాక్లీస్. ఏ ఆయుధానికీ లొంగని సింహాన్ని ఉత్త చేతులతో గొంతు పిసికి చంపి, దాని తోలు తలమీంచి కప్పుకున్నాడు. సింహం పైదవడ అతని నుదుటి మీద, కిందిదవడ గడ్డం పక్కన. తెరిచిన సింహం నోట్లోంచి మనిషి ముఖం బయటికి చూస్తోంది. రెండో వైపు సింహాసనం మీద జ్యూస్, ఒక చేతిలో దండం, రెండో చేతి మీద గద్ద.

నకలును ముందుకీ వెనక్కీ తిప్పాను. సింహం నోట్లో మనిషి ముఖం. వెనకాల సింహాసనం మీద దేవుడు, చేతి మీద పక్షి. నరసింహస్వామి కొలువున్న యాదగిరిగుట్టకు దారి ఉప్పల్ మీదుగానే పోతుంది. ఆ దారి పక్కన పుట్టి పెరిగిన మనిషికి ఈ నాణెం దొరికితే ఒక వైపు నరసింహుడు, ఇంకో వైపు గరుత్మంతుడితో విష్ణువు కాక మరేం కనబడతారు? అది మోసం కాదు. తనకు తెలిసినదాన్ని బట్టి చదువుకోవడం. తప్పు చదివాడు. కాని చూసి చదివాడు.

ప్రకాశరావు గారు అప్పుడు నా పాత వ్యాసం జిరాక్సు ప్రతి తీసి బల్ల మీద పెట్టారు. కాగితం మడతల దగ్గర చిరిగింది. మల్లయ్య ఇంట్లో దొరికిందట.

జిరాక్సు దుకాణం

ఆ రాత్రే స్వరూప దుకాణానికి వెళ్లాం. నాచారం మెయిన్ రోడ్డు పక్క సందులో. ఆధారు కార్డులు, రెజ్యూమెలు, పెళ్లి కార్డులు, లామినేషను. ప్రకాశరావు గారు తన నాణేల ఫొటోలు ఇక్కడే ప్రింటు తీయించుకుంటారు. ఒక రోజు మిషనులోంచి సింహాసనం మీద గద్దతో కూర్చున్న దేవుడి ఫొటో వస్తుంటే స్వరూప కాగితం పట్టుకుని అలాగే నిలబడిపోయిందట.

“సార్, గీ సామి మా ఇంట్ల ఉన్నడు అన్న. సార్ నవ్విండు. ఫోన్ల గదే దిక్కు ఫొటో తీసి సూపెట్టిన. మల్ల సార్ కుర్సీల కూసున్నడు, లెవ్వలే” అని చెప్పింది.

నేనెవరో ఆమెకు తెలుసు. కోపం చూపలేదు, చనువూ చూపలేదు. చాయ్ తెప్పించింది. మిషను ఆపకుండానే ఇరవయ్యేళ్ల సంగతి చెప్పుకొచ్చింది. నా వ్యాసం హోటల్లో ఎవరో గట్టిగా చదివారట. ఆ రోజు నుంచి మల్లయ్య వీధికి సీసం మల్లయ్య అయ్యాడు. జయంతికి ఎవరూ రావడం మానేశారు. తను ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు, సీసపోళ్ల ఇంటికి ఇచ్చిన్రా అని పక్కింటావిడ అడిగిందట. ఇప్పుడు బడిలో తన బిడ్డనూ అలాగే పిలుస్తున్నారట.

నేనెప్పుడూ నా వ్యాసాలు గాలిలోకి విసిరిన మాటలనుకునేదాన్ని. ఒకటి వెళ్లి ఒక కుటుంబానికి ఇంటిపేరయి కూర్చుంది.

దుకాణం కట్టేసే ముందు స్వరూప అడిగింది, “రేపు అది సీసమే అని తేలితే మేడం, ఏం రాస్తరు?”

“సీసమనే రాస్తాను” అన్నాను.

“మంచిది. మా అత్తమ్మ గూడ గదే అన్నది. ఉన్నదున్నట్టు రాయమను అన్నది.”

ఉప్పల్ రింగ్ రోడ్డు

మూడో రోజు పొద్దున నేనూ ప్రకాశరావు గారూ మెట్రో స్తంభాల కింద దిగాం. ఈ నగరంలో చిరునామా అంటే స్తంభం నంబరు. ఏ స్తంభమని హిరణ్యకశిపుడు ఒక్కసారి అడిగి చచ్చాడు, ఇక్కడ ఆటోవాళ్లు రోజంతా అడుగుతుంటారు. నాలుగు రోడ్ల మీదుగా గుండ్రంగా వేసిన నడక వంతెన ఎక్కి చూస్తే, ఒక పక్క నాగోలు వైపు రైలు వంగి పోతోంది, ఇంకో పక్క వరంగల్ రోడ్డు మీద గుట్ట బస్సుల కోసం జనం. వాళ్ల చేతుల్లో కొబ్బరికాయల సంచులు. మామూలుగా అయితే ఆ సంచుల మీద నాకు నాలుగు మాటలుండేవి. ఆ పొద్దున లేవు.

ఫుట్‌పాత్ మీద కళ్లజోళ్లు పరిచిన ముసలాయన దగ్గర నూట ఇరవైకి ఒకటి కొన్నాను. పరీక్షకు ఆయన దగ్గర ఉర్దూ పేపరే ఉంది. చదవలేనమ్మా అంటే, అక్షరం కనబడితే చాలు, చదువు రాకపోవడం అద్దం తప్పు కాదన్నాడు.

యాదమ్మ ఇల్లు

పాత ఉప్పల్ ఊరు, కాలనీల మధ్య ఇరుక్కుపోయి ఉంది. ఒకప్పుడు వడ్లు పండిన మడుల్లో ఇప్పుడు ఐదంతస్తుల ఇళ్లు. యాదమ్మ ఇల్లు మాత్రం పెంకుల వసారాతో అలాగే ఉంది. డెబ్భై దాటిన మనిషి, కాళ్లకు వెండి కడియాలు, చూపు నిటారు.

“వచ్చినవా. ఇరువై ఏండ్లు పట్టింది నీకు” అంది.

మా వైపు అయితే కొత్తవాళ్లను మీరు అంటారు, తిట్టేటప్పుడు కూడా. ఇక్కడ నువ్వు అంటే చిన్నచూపు కాదని ప్రకాశరావు గారు ముందే చెప్పారు. చెప్పకపోయినా అర్థమయ్యేది. కుంకుమ భరిణె తెచ్చింది. నేను పెట్టుకోనన్నాను. “పెట్టుకోకుంటె మానె, నీళ్లన్న తాగు” అని చెంబు చేతికిచ్చింది. భోజనం కూడా పెట్టాకే పని. జొన్నరొట్టె, పచ్చిపులుసు. పొయ్యి ఎరగని చల్లటి చింతపండు రసంలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి. మా చారు దీని ముందు మరీ ఒదిగి ఉండే పిల్లలా అనిపించింది.

గోడ మీద మల్లయ్య ఫొటో. తలపాగా, పెద్ద చెవులు, నవ్వు లేని ముఖం. ఆయన వైపు చూడకుండా తిన్నాను.

తర్వాత ఆమె దేవుడి గూట్లోంచి ఎర్రగుడ్డ మూట తెచ్చి విప్పింది. నాణెం గద్ద ఉన్న వైపు పైకి ఉంది. ప్రకాశరావు గారు జేబులోంచి అరచేతి సైజు ఎలక్ట్రానిక్ తక్కెడ, దారం, చిన్న ప్లాస్టిక్ గ్లాసు తీశారు. నాణెం బరువు పదహారు పాయింటు నాలుగు సున్న గ్రాములు. కొత్తదయితే పదిహేడు దాటాలి. తక్కువ వచ్చిందే అన్నాను. ఇంకా అయిపోలేదన్నారు ఆయన. గ్లాసులో నీళ్లు పోసి తక్కెడ మీద పెట్టి అంకెను సున్నా చేశారు. నాణేనికి దారం కట్టి నీళ్లలోకి, అడుగు తాకకుండా దించబోయారు.

“సామిని నీళ్లల్ల ముంచుడేంది?” అంది యాదమ్మ.

“అభిషేకమే అనుకో అత్తమ్మా” అంది స్వరూప.

ముసలామె ఒక్క క్షణం ఆలోచించి, కానీ అన్నట్టు తలూపింది.

ఈ పరీక్ష కూడా ఒక గ్రీకువాడిదే, ఆర్కిమెడీస్‌ది. నీళ్లలో వేలాడే వస్తువు ఎంత జాగా ఆక్రమించిందో తక్కెడ చెబుతుంది. బరువును ఆ అంకెతో భాగిస్తే లోహం గుట్టు బయటపడుతుంది. పదకొండు దాటితే సీసం, పదిన్నరకు అటూఇటూ ఉంటే వెండి. తక్కెడ మీద ఒకటి పాయింటు ఐదు ఏడు అని నిలబడింది. స్వరూప ఫోనులో భాగించింది. మళ్లీ భాగించింది. ఫోను నా వైపు తిప్పింది.

పది పాయింటు నాలుగు.

ప్రకాశరావు గారు నాణెం తుడిచి భూతద్దం నాకిచ్చారు. అంచు చుట్టూ పోతపోసిన అతుకు లేదు. సింహాసనం కాలి దగ్గర నుంచి అంచు దాకా సన్నటి ఉబ్బుగీత ఉంది. దిమ్మ పగిలిన గుర్తు అది. ఆయన తెచ్చిన నకలు మీద, అదే జాగాలో, అదే వంపుతో, అదే గీత ఉంది. రెండు నాణేలూ ఒకే దిమ్మ కింద, ఒకే సుత్తి దెబ్బల వరసలో పుట్టాయి. ఒకటి ఏదో దేశపు మ్యూజియంలో ఉంది, ఇంకోటి ఉప్పల్లో ఎర్రగుడ్డలో ఉంది. సింహాసనం కింద ఒక చిన్న గుర్తు కూడా ఉంది. అది బాబిలోన్ టంకశాలదని ఆ రంగం తెలిసినవాళ్లు చెబుతారట. బాబిలోన్ అంటే ఇప్పటి ఇరాక్.

“అరబ్బుల దేశమే అమ్మా” అన్నారు ప్రకాశరావు గారు. “మ్యూజియం వాళ్లు కూడా చూసి చెప్పాలి. నా మటుకు నాకు అనుమానం లేదు. మల్లయ్య గారి తాత అక్కడి నుంచే తెచ్చాడు.”

రెండువేల మూడువందల ఏళ్ల వెండి నా అరచేతిలో ఉంది. బాబిలోన్‌లో ఎవడి జీతమో అయి ఉంటుంది, ఏ ఇసుకలోనో పడుంది, ఒక సాయీసు మొలతాడులో ముడిపడి ఓడెక్కింది, ఉప్పల్లో సింహమై కూర్చుంది. నాణెం తిప్పాను.

ముఖం లేదు.

సింహం జూలు అంచున నాలుగు గీతలున్నాయి, ఒక చెవి ఉంది. నుదురు, ముక్కు, కన్ను, పెదవులు, అన్నీ నున్నగా పోయాయి. గోలీలా మెరుస్తోంది. తగ్గిన బరువు పోయింది ఇక్కడే. పక్కన నకలు మీద అదే ముఖం కనురెప్పలతో సహా ఉంది. ఒక వైపు ఇంత పదిలంగా ఉండి రెండో వైపు ఇలా ఎందుకైందని అడిగాను.

యాదమ్మ నా కళ్లలోకి చూసి చెప్పింది.

“సీసమైతె నల్లగైతది గద. ఎండి అయితె తోమితె మెరుస్తది. నువ్వు రాసినంక ఆయన రోజు పొద్దుగాల్నే కూసుంటుండె. సింతపండు, బూడిద. తోముడు, ఎవలన్న వస్తె సూడున్రి సూడున్రి అని మెరుపు సూపెట్టుడు. ఎవలొస్తరు? ఎన్క దిక్కు తోమొద్దు, సామి ఈపు అంటుండె. ముంగట్నే తోమిండు. పదహారేండ్లు తోమిండు.”

ఇరవై మూడు శతాబ్దాల ఇసుక, ఉప్పు, దొంగలు, సైనికులు చెరపలేని ముఖం అది. నా రెండు పేజీల వ్యాసం చెరిపింది. చింతపండు మల్లయ్యది, చెయ్యి మల్లయ్యది, రాపిడి నాది.

క్షమించమని అడిగే ముందు ఇంకో నిజం కూడా చెప్పాలి. నేను గ్రీకు కథంతా చెప్పాను. ఇది నరసింహస్వామి కాదమ్మా అన్నాను.

“ఎరుకనే. స్వరూప జెప్పింది. గాయన సింహాన్ని సంపిండు, మా సామి సింహమే అయిండు. ఇద్దరొక్కటెట్లయితరు? గూట్ల పెట్టుకునుడు పెట్టుకోకపోవుడు నా ఇష్టం. నేనడిగింది గది గాదు.” గోడ మీది ఫొటో వైపు చూసింది. “మా ముసలోడు అబద్ధమాడిండా?”

“లేదు” అన్నాను.

“నోటితోని గాదు.”

నేను వ్యాసం రాసిన పత్రిక ఎప్పుడో ఆగిపోయింది. స్వరూప లాప్‌టాప్ తెచ్చింది. నేను చెబుతుంటే వసారాలో కూర్చుని టైపు చేసింది. ఆరు వాక్యాలు. ఏడోది రాయబోతే యాదమ్మ చాలంది. రేపు దుకాణంలో ప్రింటు తీసి లామినేషను చేయించి, ఒకటి ఆ హోటల్లో, ఒకటి మంగలి దుకాణంలో, ఒకటి బడిలో ఇస్తానంది స్వరూప. ప్రకాశరావు గారు చింతపండు, బూడిద వద్దని, మెత్తటి గుడ్డలో ఉంచితే చాలని రెండుసార్లు చెప్పారు. ఇగ దేనికి తోముతమని ముసలామె గుడ్డ ముడి వేసింది. ముఖం ఉన్న నకలును కూడా అదే గుడ్డలో, అసలు పక్కన పెట్టింది. ప్రకాశరావు గారు దాన్ని వెనక్కి అడగలేదు.

లేవబోతుంటే ఆమె లాప్‌టాప్ నా ఒళ్లో పెట్టి గోడ వైపు చూపించింది.

“ఆయనకు సదివి పో.”

చచ్చినవాళ్లు వినరని నేను ఎన్ని ఊళ్లలో, ఎన్ని వేదికల మీద చెప్పానో లెక్కలేదు. ఇప్పటికీ అదే చెబుతాను. కొత్త కళ్లజోడు పెట్టుకుని ఫొటో ముందు నిలబడ్డాను. ఉప్పల్ మల్లయ్య గారి నాణెం సీసం కాదు, వెండి అని మొదలుపెట్టాను. నేను దాన్ని చూడకుండా రాశాను, ఆయన చూసి చెప్పాడు అనే దాకా వచ్చేసరికి చదివేది నాకే వినబడటం లేదు.

వెనక నుంచి యాదమ్మ అంది, “జెర గట్టిగ సదువు మేడం. ఆయనకు సెవుడు.”

మొదటి నుంచి మళ్లీ, గట్టిగా చదివాను.